కిటికీ పక్క అన్నయ్య

సొల్మే అపార్ట్‌మెంట్స్‌లో ప్యో గితెక్ గారి అసలు వయసు ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య సున్‌బొక్. ప్రభుత్వానికి కూడా తెలుసు గానీ, అది నోరు జారే రకం కాదు. అసలైతే ఆయనకి అరవై నాలుగు. అపార్ట్‌మెంట్స్ వాళ్ళ కొండలెక్కే సంఘంలో మాత్రం అరవై ఏడు.

ఈ మూడేళ్ళ తేడా ఒక బస్సు కిటికీ దగ్గర పుట్టింది.

ముప్ఫై ఏళ్ళ కిందట, అపార్ట్‌మెంట్స్ గోడలకి ఇంకా రంగు వాసన పోని రోజుల్లో, సంఘం మొదటిసారి హక్సొ లోయకి ఒకరోజు యాత్ర పెట్టింది. పొద్దున్నే బస్సు, మధ్యాహ్నం ఏట్లో కాళ్ళు పెట్టుకుని కోడి భోజనం, ఆ తర్వాత కొండ మీద సరస్సు, రాత్రికి ఇల్లు. గితెక్ బస్సెక్కేసరికి ఒక్క జంట సీటే మిగిలింది. సరిగ్గా అప్పుడే అవతలి బ్లాకు గొంగ్ పిల్హో కూడా అక్కడికి చేరాడు. గితెక్ కన్ను కిటికీ మీద పడింది. పిల్హో కన్ను కూడా అక్కడే ఉందనిపించింది. "మీరు కూర్చోండి", "అబ్బే, మీరే కూర్చోండి" అంటూ ఇద్దరూ కాసేపు మర్యాదగా తోసుకున్నారు. ఇలాంటి చోట దేశమంతా ఏం చేస్తుందో వాళ్ళూ అదే చేశారు. పుట్టిన సంవత్సరం అడిగారు. సంవత్సరాలకి వరసగా పన్నెండు జంతువుల పేర్లుంటాయి, పేరు చెబితే వయసు తెలిసిపోతుంది.

"నాది కుక్క సంవత్సరమండీ," అన్నాడు పిల్హో.

గితెక్‌ది ఎలుక. అంటే రెండేళ్ళు చిన్న. చిన్నవాడు నడవ పక్కన కూర్చుంటాడు. చిన్నవాడు సోజు సారా గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని తాగుతాడు. కోడి కాలు పెద్దాయన గిన్నెలో వేసి తాను మెడ నములుతాడు. ఇవన్నీ గితెక్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆరుగురిలో ఆఖరివాడు. బళ్ళో అందరికన్నా చిన్న. ఆఫీసులో ఆయన చేరాక కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశారు. అప్పటిదాకా బతికిన బతుకులో ఆయన్ని "అన్నయ్యా" అని పిలిచిన నరమానవుడు లేడు.

"నాది కోడి," అనేశాడు.

కుక్క కన్నా కోడి ఒక ఏడాది ముందు. పిల్హో వెంటనే నడుం వంచాడు.

"అయ్యయ్యో, అన్నయ్యగారా! కూర్చోండి, కూర్చోండి."

ఆ రోజు కిటికీలోంచి ఏమేం కనిపించాయో గితెక్‌కి ఒక్కటీ గుర్తు లేదు. ఆ పిలుపు మాత్రం హక్సొ దాకా చెవిలో మోగుతూనే ఉంది.

ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే వీలు దొరకలేదు. ఎందుకంటే పిల్హో తమ్ముడి ఉద్యోగం మనసుపెట్టి చేశాడు. గితెక్ ఇంట్లో కుళాయి కారితే స్పానర్ పట్టుకుని వచ్చేవాడు. చలికాలం ముందు కిమ్చీ పచ్చడి పెట్టే రోజున క్యాబేజీ బస్తాలు అయిదో అంతస్తుకి మోసేవాడు. గితెక్ తండ్రి పోయినప్పుడు మూడు రాత్రులు వచ్చినవాళ్ళ చెప్పులు సర్దుతూ గుమ్మంలో కూర్చున్నాడు. గితెక్‌కి అరవై నిండాయని నమ్మి, ఖరీదైన ఎర్ర కొండ జాకెట్టు కొనిపెట్టాడు. అప్పటికి గితెక్‌కి యాభై ఏడు. ముందుగా వచ్చిన ఆ అరవైని ఆయన ప్రతి ఏడూ ఒంటిమీద వేసుకుని హక్సొ వెళ్తూనే ఉన్నాడు.

"కోడిగారూ, చెత్త పడేసి రండి," అనేది సున్‌బొక్ ఇంట్లో. అంతకు మించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. పిల్హో నోట "వదినగారూ" అన్న మాట ఆవిడకీ చెడ్డగా లేదు.

ఈ ఏడు యాత్ర ఆఖరిది. అపార్ట్‌మెంట్స్ కూల్చి ముప్ఫై అంతస్తులది కడతారట. చలికాలం లోపు అందరూ ఖాళీ చెయ్యాలి. భార్య పోయి నాలుగేళ్ళయిన పిల్హో దక్షిణాన అక్క ఉన్న ఊరికి వెళ్ళిపోతున్నాడు. గితెక్ వాళ్ళు సముద్రం వైపు అద్దె ఇంటికి. సంఘం జెండా ఎవరింట్లో ఉండాలన్న చర్చ మూడు వారాలు నడిచి, ఎవరి కొత్తింట్లోనూ చోటు లేదని తేలింది.

గితెక్‌కి జెండా గురించి బెంగ లేదు. ఇంకొక్క రోజు గడిస్తే చాలు. కోడి సంవత్సరం అన్నయ్యగానే వీడ్కోలు చెప్పేసుకోవచ్చు. దక్షిణాన ఉన్న తమ్ముడు పండగలకి ఫోన్ చేసి "అన్నయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది?" అంటాడు. ఆయనకి కావలసింది అంతే.

*

హక్సొ సరస్సుకి దారంతా తారురోడ్డు. పసిపిల్లల బండ్లు తోసుకుంటూ ఎక్కేస్తారు. అయినా సంఘం ఆ తెల్లవారుజామున హిమాలయాలకి బయల్దేరినట్టు వచ్చింది. రెండేసి చేతికర్రలు, వాన తగలని ప్యాంట్లు, మంచులో జారని బూట్లు, నడుముకి కొక్కేలు. ఆ కొక్కేలకి ఏం తగిలించాలో తెలియక కొందరు దోసకాయల సంచీ తగిలించారు.

సంఘం సెక్రటరీ తక్ హ్వాసున్ అందరికీ వేడి వేడి బియ్యం కేకు పొట్లాలు పంచింది. ఆవిడ భుజాన ఎప్పుడూ చేతి మైకు వేలాడుతుంది. పక్కనున్న మనిషికి నీళ్ళ సీసా కావాలా అని అడగాలన్నా అందులోంచే అడుగుతుంది.

"అన్నయ్యా, కిటికీ," అన్నాడు పిల్హో, ఎప్పట్లాగే పక్కకి జరిగి.

గితెక్ ఎప్పట్లాగే "నువ్వు కూర్చోవోయ్, ఆఖరిసారి," అన్నాడు, ఎప్పట్లాగే తానే కూర్చున్నాడు.

కొండ మలుపు దగ్గర పల్లె పంచాయతీ ఆఫీసు కనిపిస్తుంది, పక్కన నారింజ రంగు పళ్ళు నిండుగా కాసిన పర్సిమన్ చెట్టుతో. అక్కడికి రాగానే గితెక్ గొంతు సవరించుకున్నాడు. బస్సు మొత్తం సర్దుకు కూర్చుంది. ఎందుకంటే ఆపే మార్గం ఎవరికీ తెలీదు.

"మా నాన్నగారు అచ్చం ఇలాంటి ఆఫీసులోనే, జనన మరణాల గుమాస్తా..."

"తర్వాత, అన్నయ్యా?" అన్నాడు పిల్హో. కథని ముందుకి తొయ్యడం తమ్ముళ్ళ పని.

"ఆ రోజుల్లో పిల్లాడు పుడితే బతుకుతాడో లేదోనని ఏడాది, రెండేళ్ళు ఆగి రాయించేవాళ్ళు. మా నాన్నగారి దగ్గర ఆ పప్పులుడకవు! మా అమ్మకి నొప్పులు వస్తుంటే ఆయన కలం పట్టుకుని గుమ్మం బయట కూర్చున్నారు. నేను కేరుమనేసరికి రిజిస్టర్లో సిరా ఆరిపోయింది."

"గొప్ప మనిషి!" అన్నాడు పిల్హో, ముప్ఫయ్యోసారి కూడా ఆశ్చర్యపోతూ.

దారిలో విశ్రాంతి చోట బస్సాగింది. గితెక్ జాకెట్టు సీటు మీద వదిలి బాత్రూమ్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి హ్వాసున్ చేతిలో గుర్తింపు కార్డుల కట్ట ఉంది. లోయ గేటు దగ్గర అరవై అయిదు నిండిన వాళ్ళకి ఉచితం. కిందటేడు ఒక్కొక్కరూ పర్సు తీసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పర్సు ఎక్కడ పెట్టారో వెతుక్కునేసరికి చాలా సేపు పట్టిందట. అందుకని ఈసారి అన్నీ కలిపి ఆవిడే చూపిస్తుంది. ఈ సంగతి గితెక్‌కి తెలియలేదు.

ఆయన రెండేళ్ళుగా టికెట్టు కొనుక్కునే లోపలికి వెళ్తున్నాడు. "ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ప్రభుత్వానికి భారం కాకూడదు," అని అందరికీ వినబడేలా చెప్పేవాడు. పిల్హో కళ్ళల్లో గౌరవం పెరిగింది. మిగతావాళ్ళకి ఒళ్ళు మండింది.

గేటు దగ్గర టికెట్ల మనిషి కార్డులన్నీ చూసి, ఒకటి వెనక్కిచ్చాడు. హ్వాసున్ మైకు ఎత్తింది.

"ప్యో గితెక్ గారూ! మీకింకా అరవై అయిదు రాలేదంటున్నాడు!"

ఆ మాట లోయలోకి వెళ్ళి, ఒకటికి రెండుసార్లు తిరిగొచ్చింది.

గితెక్ గబగబా ముందుకొచ్చాడు. "నా కార్డు నీకెలా వచ్చిందమ్మా?"

"నేనే ఇచ్చానన్నయ్యా," అన్నాడు పిల్హో పక్కనుంచి. "మీరు మొహమాటస్తులు గదా, ఏటా డబ్బిచ్చేస్తారు. ఆఖరిసారన్నా ఉచితంగా వెళ్తారని జేబులోంచి నేనే తీశాను."

అందరూ ఆయనకేసి చూస్తున్నారు. గితెక్ నోటికి వచ్చిన మాట, ఆ వయసు వాళ్ళందరి నోటికీ వచ్చేదే.

"ఆలస్యంగా రాయించారు," అన్నాడు. "పుట్టినప్పుడు."

అంతే, గేటు దగ్గర గోల మొదలైంది.

"నన్ను రెండేళ్ళు ఆగి రాయించారు!"

"రెండేళ్ళేనా? మా అక్క చచ్చిపోతే దాని పేరు మీద నన్ను బళ్ళో వేశారు. నేను అసలు ఎవర్నో మా ఇంట్లో కూడా తెలీదు."

"కార్డు ప్రకారం నేను మా తమ్ముడి కన్నా చిన్న!"

ఎవరెంత ఆలస్యంగా పుట్టుకొచ్చారన్న పోటీలో గితెక్ సంగతి అందరూ మర్చిపోయారు. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. బయటపడ్డాననుకున్నాడు.

పిల్హో మాత్రం హ్వాసున్ కళ్ళజోడు అడిగి పెట్టుకుని, కార్డు చూశాడు. తీరిగ్గా చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో గితెక్‌కి అందించాడు.

"తీసుకోండి."

తీసుకోండి, అన్నాడు. దాని వెనకాల ఇంకో మాట రావాలి. గితెక్ చెయ్యి చాచి ఆగాడు. రాలేదు.

*

లోయలో ఏరు ఎప్పట్లాగే గలగలమంటోంది, ఎవరి వయసుతోనూ పని లేకుండా. గితెక్ చెవికి అది సరిగ్గా ఎక్కడం లేదు. పిల్హో ముందు నడుస్తున్నాడు. "జాగ్రత్త, రాయి ఉంది," అన్నాడు ఒకసారి. "నీళ్ళు కావాలా?" అన్నాడు ఇంకోసారి. అన్నీ అంటున్నాడు, ఆ ఒక్కటి తప్ప.

సున్‌బొక్ కర్రలు టకటకలాడిస్తూ పక్కకొచ్చింది.

"కోడిగారూ, కూత ఆగిపోయిందేం?"

"అందరూ నమ్మారే!"

"అందరూ నమ్మారు. మీ నాన్నగారి సిరా ఆరిపోయిన కథ మాత్రం ఒక మనిషి ముప్ఫై ఏళ్ళుగా శ్రద్ధగా విన్నాడు. ఇవాళ కూడా విన్నాడు. గంట కాలేదు."

గితెక్ ఆగిపోయాడు. తండ్రి కలం అంత దూరం నుంచి వచ్చి తనని పొడుస్తుందని ఆయన అనుకోలేదు.

ఏటి ఒడ్డున ఇప్పుడు శుభ్రమైన చెక్క బాట, పట్టుకోడానికి కమ్మీలు. ఒకప్పుడు ఇక్కడ నీళ్ళ మీద చెక్క మంచెలు ఉండేవి. హోటళ్ళ వాళ్ళు వేసేవాళ్ళు. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు, మంచె దొరకాలంటే పొద్దున్నే రావాలని కూడా తెలుసు. మంచె మీద కూర్చుని కాళ్ళు ఏట్లో పెడితే చల్లదనం మోకాళ్ళదాకా పాకేది. పుచ్చకాయని వలలో కట్టి నీళ్ళల్లో వదిలితే, మొదటి యాత్రలో అది తాడు తెంపుకుని పోయింది. పిల్హో ప్యాంటు మడిచి దాని వెంట పరిగెత్తాడు. "అన్నయ్యా, అటు అడ్డం రండి! అన్నయ్యా!" అని అరుస్తూ. గితెక్ అడ్డం వెళ్ళాడు, జారిపడ్డాడు, కాయ ఆయన మీదుగా పోయింది. ఆ రోజంతా తడిబట్టల్తో వణుకుతూ, అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. సంఘం పాత ప్రెసిడెంటు, పోయి పదేళ్ళు దాటింది, ఏటి పక్క బండ మీద నిలబడి "యాహో!" అని అరిచేవాడు. కొండ తిరిగి అరిచేదాకా దిగేవాడు కాదు. ఇప్పుడక్కడ బోర్డు పెట్టారు: అరవరాదు, జంతువులకు ఇబ్బంది.

భోజనం అద్దాల గదిలో. ముందే ఫోన్ చేసి చెప్పిన నాటు కోళ్ళు, జిన్సెంగ్ వేరు వేసి ఉడికించినవి, బల్లకొకటి చొప్పున వచ్చాయి. కోడిని విడదీసేది ఎప్పుడూ పిల్హోనే. ఒక కాలు తీశాడు. అది గాల్లో ఒక్క క్షణం ఆగింది. గితెక్ గిన్నె కూడా ఎదురుచూసింది.

"వదినగారూ, మీరు తినండి," అని సున్‌బొక్ గిన్నెలో వేశాడు.

రెండో కాలు తీశాడు. తన గిన్నెలో వేసుకున్నాడు. తర్వాత వెతికి వెతికి మెడ తీసి, గితెక్ ముందు పెట్టాడు.

గితెక్ నమిలాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా మెడ రుచిలో ఏమీ మార్పు లేదు.

*

హక్సొ సరస్సులో బాతు పడవలు ఉంటాయి. తెల్లటి ఒళ్ళు, పసుప్పచ్చ ముక్కు, లోపల ఇద్దరు కూర్చుని కాళ్ళతో తొక్కాలి. ఏటా ఇద్దరూ ఒక బాతు ఎక్కేవాళ్ళు. గితెక్ చుక్కాని పట్టుకుని దృశ్యాలు చూపించేవాడు, పిల్హో తొక్కేవాడు. అన్నయ్య మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి గదా.

ఈసారి పిల్హో ముందుగా ఎక్కి, చుక్కాని పక్కన కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు.

గితెక్ తొక్కాడు. ఒడ్డు దూరమైంది. చుట్టూ ఎర్రబడ్డ కొండలు నీళ్ళల్లో తలకిందులుగా నిలబడ్డాయి. ఆయనకి చెమటలు పట్టాయి. అరవై నిండినందుకిచ్చిన జాకెట్టు విప్పుదామనుకుని, పక్కనున్న మనిషిని చూసి మానేశాడు. సరస్సు మధ్యకి వచ్చాక పిల్హో చెయ్యెత్తాడు.

"చాలు." గితెక్‌కేసి తిరిగాడు. "ఎలుకా?"

"ఎలుకే."

"ఏ నెల?"

"తొమ్మిది."

"అంటే ఆ జాకెట్టు కొన్నప్పుడు..."

"యాభై ఏడు."

"నెలనెలా వాయిదాలు కట్టాను దానికి." పిల్హో చుక్కాని అటూ ఇటూ తిప్పాడు. బాతు ఉన్నచోటే తల ఆడించింది. "అసలెందుకు?"

"కిటికీ కోసం."

"కిటికీయా? నాకు కిటికీ పక్కన కూర్చుంటే తల తిరుగుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ రోజు మీరు కోడి అనకపోతే కాళ్ళు పట్టుకునైనా మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టేవాణ్ణి."

గితెక్ కళ్ళు మూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు మోసిన అబద్ధం, అక్కర్లేనిదట.

"మొదటి రోజు కిటికీ కోసమే," అన్నాడు. "తర్వాత కాదు. మా ఇంట్లో ఆరుగురిలో ఆఖరివాణ్ణి నేను. నన్నెవరూ అలా పిలవలేదు. నువ్వు పిలిచావు. మీరు... మీరు పిలిచారు."

'మీరు' అనేటప్పుడు నాలుక తడబడింది.

ఒక అసలు బాతు, పడవ బాతు పక్కకి వచ్చి, చూసి, నచ్చక వెళ్ళిపోయింది.

"నాకు నలుగురు తమ్ముళ్ళు," అన్నాడు పిల్హో. "పొద్దున్న లేస్తే అన్నయ్యా. అంటే వెనకాల ఏదో ఒకటి అడుగుతారన్నమాట. మా ఆవిడ పోయినప్పుడు కూడా వాళ్ళ బాధలే నాకు చెప్పుకున్నారు. మా ఇంటికొచ్చి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నది మీరొక్కరే." చుక్కాని వదిలేశాడు. "ఒక్కసారి పిలవండి."

"ఎలా?"

"ఎలాగో తెలుసు."

గితెక్ చుట్టూ చూశాడు. నీళ్ళు తప్ప ఎవరూ లేరు.

"అన్నయ్యా," అన్నాడు, దగ్గినట్టు.

"వినబళ్ళేదు."

"అన్నయ్యా."

"ముప్ఫై ఏళ్ళు అరిచాను నేను. క్యాబేజీ బస్తా మోస్తూ అరిచాను. ఏట్లో పరిగెడుతూ అరిచాను."

గితెక్ లేచి నిలబడ్డాడు. బాతు ఒక పక్కకి ఒరిగింది. ఊపిరి బిగబట్టి, గొంతు పగిలేలా కేకేశాడు.

"అన్నయ్యా!"

కొండ దాన్ని అందుకుని ఇంకో కొండకి ఇచ్చింది. అన్నయ్యా... అన్నయ్యా... అని అన్ని వైపుల్నుంచీ తిరిగొచ్చింది. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కొండలకి కూడా తెలిసినట్టు లేదు.

ఒడ్డున సంఘం మొత్తం లేచి నిలబడింది. మైకు కీచుమంది.

"పిల్హో గారూ! అన్నయ్యగారు మీ పక్కనే ఉన్నారు గదా, ఎందుకండీ అంత కేక! బోర్డు చూళ్ళేదా? జంతువులకి ఇబ్బంది!"

గితెక్ గబుక్కున కూర్చున్నాడు. పిల్హో ఆయనకేసి చూశాడు, ఒడ్డుకేసి చూశాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నయ్యకి చెవులు మందగించాయమ్మా!" అని అరిచాడు. "పెద్దాయన గదా!"

తర్వాత కాళ్ళు ముందుకి జరిపి తొక్కడం మొదలుపెట్టాడు. గితెక్ కూడా తొక్కాడు. ఇద్దరూ తొక్కితే బాతు ఇంత తొందరగా వెళ్తుందని వాళ్ళకి అప్పటిదాకా తెలీదు.

*

తిరుగు ప్రయాణంలో గితెక్ సీటు దగ్గర నిలబడి, పక్కకి జరిగాడు. కిటికీ ఖాళీగా ఉంది.

"తల తిరుగుతుందని చెప్పానా లేదా?" అన్నాడు పిల్హో. "జరగండన్నయ్యా, వెనక జనం ఆగిపోయారు."

వెనక సీట్లలో పాటలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు నడవలో చేతులు ఊపుతూ ఆడుతుంటే, వాళ్ళ మోచేతులన్నీ వరసగా పిల్హో భుజానికి తగులుతున్నాయి. మలుపు వచ్చింది. చీకట్లో పంచాయతీ ఆఫీసు, పర్సిమన్ చెట్టు. గితెక్ నోరు తెరవలేదు. పాట ఆగింది. అలవాటు చెడినందుకు బస్సులో ఏదో ఇబ్బంది.

"ఏం గితెక్ గారూ," అంది హ్వాసున్ మైకులో, "నాన్నగారు ఇవాళ సెలవా? పొద్దున్న ఏదో సిరా ఆరిపోయిందన్నారు, గేటు దగ్గర ఆలస్యమన్నారు..."

సున్‌బొక్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. గితెక్ చేతులు జాకెట్టు జిప్పుని పైకీ కిందకీ లాగుతున్నాయి.

"ఆయన చెప్పరు. ఇది ఇంటి గుట్టు," అన్నాడు పిల్హో. "నేను చెప్తాను. ఆ మహానుభావుడు ఊరందరి పిల్లల్నీ పుట్టిన గంటలో రాసేశాడు. సర్వీసు మొత్తం మీద ఒకే ఒక్కసారి ఆలస్యం చేశాడు. సొంత ఆఖరి కొడుక్కి."

"అయ్యో! ఎంత ఆలస్యం?"

"మూడేళ్ళు."

బస్సు మొత్తం ముందుకి వంగింది. ముప్ఫై ఏళ్ళలో ఆ కథకి ఎవరైనా ముందుకి వంగడం అదే మొదలు. తండ్రి పేరు మీద పడిన ఆ మచ్చని గితెక్ కిటికీ అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో పిల్హో మొహం కూడా ఉంది. తర్వాతేం చెప్పాలో ఇంకా కల్పించుకుంటున్నట్టు, ఆ మొహం ఎదురుచూస్తోంది.

గితెక్ గొంతు సవరించుకున్నాడు. కథని ముందుకి తోశాడు.

"తర్వాత?" అన్నాడు.